లైబ్రరీ గోడ మీద రాజోలు ఎమ్మెల్యేల జాబితా పెట్టాను, తాతగారు ఒప్పుకోలేదు

చావడి లైబ్రరీ అడిగారు:

నమస్కారమండి. మాది కోనసీమలో మామిడికుదురు మండలం. ఊళ్లో పాత చావడిలో అయిదారుగురం కలిసి చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, పొద్దున్నే రెండు పేపర్లు. ఈ సంక్రాంతికి ఒక గోడ మొత్తం ఊరి చరిత్రకి కేటాయించాం. గుడి ఎప్పుడు కట్టారు, స్కూలు ఎప్పుడొచ్చింది, 96 తుఫానుకి ఎన్ని కొబ్బరిచెట్లు పడిపోయాయి, ఇలాంటివి తలా ఒకటి పంచుకున్నాం. "మన ఎమ్మెల్యేలు" అనే చార్టు నా వంతుకొచ్చింది.

నెట్‌లో దొరికిన రాజోలు నియోజకవర్గం జాబితా తీసుకున్నాను. 1950ల నుంచి 2024 దాకా పేర్లన్నీ వరసగా రాసి, పక్కన పార్టీ గుర్తులు బొమ్మలు వేసి అంటించాను. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున్న పేపరు చదవడానికి వచ్చిన తాతగారు ఒకాయన, మాకు వరసకి తాతే, ఎనభై తొమ్మిదేళ్లుంటాయి, కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందదాకా చదివారు. చదివి, "ఒరే, ఇందులో అడుగునున్న ముగ్గురు నలుగురు తప్ప మిగతా వాళ్లెవరికీ నేను ఓటెయ్యలేదురా. వేద్దామన్నా వాళ్ల పేర్లు మన కాగితంలో లేవు. మనది నగరం" అన్నారు.

నగరం అంటే మా పక్కనున్న ఊరే. అసెంబ్లీలో ఆ పేరుతో సీటు ఉండేదని నాకు తెలీదు. నాకు ఓటొచ్చేసరికే మాది రాజోలు. ఇంటికెళ్లి మామ్మ పాత ఓటరు కార్డు తీయించి చూస్తే నిజంగానే నగరం అనే ఉంది.

తాతగారు ఇంకో మాట కూడా అన్నారు. ఆయన మొదటి ఓటు 1957లోనట, కాడెద్దుల గుర్తుకి, అంటే అప్పటి కాంగ్రెసు గుర్తుకి. కానీ నేను చూసిన జాబితాల్లో 1955 తర్వాత నేరుగా 1962 ఉంది. 57 ఎక్కడా లేదు. ఆయన జ్ఞాపకం తప్పంటే నాకు మనసొప్పడం లేదు. లెక్కల విషయంలో ఆయన ఎప్పుడూ తప్పు చెప్పగా వినలేదు.

నేను అడిగేది ఇదండి. నగరం సీటు ఏమైంది? మా ఊరి జాబితా సరిగా తయారు చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి. చార్టు చించెయ్యడానికి సిద్ధంగానే ఉన్నాను.

అమలాపురం సెంటర్ జవాబు:

అది 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మార్చేశారండి. అప్పుడే నగరం తీసేసి పి.గన్నవరం పెట్టారు. మా అమలాపురం కూడా అప్పుడే ఎస్సీ అయింది అనుకుంటా.

రిటైర్డ్ లెక్కల మాస్టారు జవాబు:

పైన చెప్పిన సంవత్సరం సరికాదు బాబూ. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మన కోనసీమలో నియోజకవర్గాల హద్దు గీత ఒక్కటి కూడా కదల్లేదు. అప్పుడు ఖమ్మం వైపు నుంచి ఏడు పోలవరం ముంపు మండలాలు మన రాష్ట్రంలో కలిశాయి, అంతే. మనకి గీతలు మారింది 2008లో. 2001 జనాభా లెక్కలు పట్టుకుని జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన పునర్విభజన అది. ఆ కొత్త గీతల మీద జరిగిన మొదటి ఎన్నిక 2009ది. తూర్పు గోదావరికి అంతకు ముందు 21 సీట్లుండేవి, 19 అయ్యాయి. పశ్చిమకి 16 నుంచి 15.

నేను మొత్తం ముప్పై అయిదేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. 1983 నుంచి 2009 దాకా వచ్చిన ఎన్నికల్లో ఒకటి రెండు తప్ప అన్నిటికీ డ్యూటీ చేశాను. అందుకని ఈ సంగతి మీద నాకు కొంచెం పట్టింపు. వివరంగా రాస్తాను, ఓపికగా చదువు నాయనా.

ముందు మీ నగరం సంగతి. 2008కి ముందు కోనసీమలో ఎస్సీలకి రిజర్వు అయిన అసెంబ్లీ సీట్లు మూడు. నగరం, అల్లవరం, ముమ్మిడివరం. రాజోలు, అమలాపురం, కొత్తపేట జనరల్. 2009కి వచ్చేసరికి నగరం, అల్లవరం అనే పేర్లే పోయాయి. ముమ్మిడివరం జనరల్ అయింది. అమలాపురం, రాజోలు ఎస్సీ అయ్యాయి. పి.గన్నవరం అని కొత్తది పుట్టింది, అదీ ఎస్సీయే. అంటే రిజర్వు సీట్లు మూడూ మూడుగానే ఉన్నాయి, కానీ ఒక్కటీ పాతచోట లేదు. రాజోలు సీటు కింద ఇప్పుడు సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు మండలాలు, మీ మామిడికుదురు మండలంలో కొంత ఉన్నాయి. మిగతా మామిడికుదురు ఊళ్లు పి.గన్నవరంలోకి వెళ్లాయి. ఒకే మండలం, ఒకే ఎమ్మార్వో ఆఫీసు, ఎమ్మెల్యేలు మాత్రం ఇద్దరు. మీ ఊరు రాజోలు వాటాలోకి వచ్చింది కాబట్టి నువ్వు రాజోలు జాబితా వెతికావు. 2009 నుంచి అది మీదే, ఆ ముందుది మలికిపురం, సఖినేటిపల్లి వాళ్ల చరిత్ర. తాతగారు అన్నది అక్షరాలా నిజం.

గీతలు మారినప్పుడు మనుషులు ఎలా జరిగారో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2004లో నగరంలో గెలిచిన పాముల రాజేశ్వరీదేవి గారు 2009లో పి.గన్నవరంలో గెలిచారు. 2004లో ముమ్మిడివరంలో గెలిచిన పినిపే విశ్వరూప్ గారు 2009లో అమలాపురం వచ్చి గెలిచారు. అల్లవరం ఎమ్మెల్యేగా చేసిన గొల్లపల్లి సూర్యారావు గారు 2014లో రాజోలులో గెలిచారు. ఈ ముగ్గురినీ ఒక్కో నియోజకవర్గం పేజీలో విడివిడిగా చూస్తే ఎక్కడినుంచో ఊడిపడ్డట్టుంటుంది. కలిపి చూస్తే, సీటు కదిలింది కాబట్టి మనిషీ కదిలాడని తెలుస్తుంది.

అమలాపురం బాబుకి కూడా జవాబు ఇందులోనే ఉంది.

ఇప్పుడు తాతగారి 57. ఆయన చెప్పింది నిజమే, నువ్వు చూసిన జాబితా కూడా నిజమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్యనిషేధం మీద జరిగిన గొడవలో 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. మన దగ్గర తాటిచెట్టు, కొబ్బరిచెట్టు గీసుకుని బతికే కుటుంబాలు ఎన్నో నీకు తెలుసు కదా, వాళ్ల ఇళ్లలో ఆ నిషేధం సంగతి చాలా ఏళ్లు చెప్పుకున్నారు. దానివల్ల 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 196 సీట్లు. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక జట్టు, కమ్యూనిస్టులు ఒక పక్క. కమ్యూనిస్టులకి నూటికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 15. ఓట్లకీ సీట్లకీ పొంతన ఉండదని పిల్లలకి చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ లెక్కే బోర్డు మీద వేసేవాణ్ణి.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో దేశమంతా ఎన్నికలు జరిగినప్పుడు, మనవాళ్లు రెండేళ్ల కిందటే ఎమ్మెల్యేలని ఎన్నుకున్నారు కాబట్టి వాళ్లనే 1962 దాకా కొనసాగించారు. అసెంబ్లీకి ఓటింగు తెలంగాణలో మాత్రం జరిగింది. మన వైపు ఆ ఏడాది వేసింది ఒక్క పార్లమెంటు ఓటే. అంటే తాతగారు 1957లో ఓటు వేశారు, కానీ అది ఎంపీకి. అప్పట్లో ఓటు రావాలంటే 21 నిండాలి (18 చేసింది 1989లో), ఎనభై తొమ్మిదేళ్ల ఆయనకి అప్పటికి సరిగ్గా సరిపోతుంది. ఎమ్మెల్యేకి ఆయన మొదటి ఓటు 1962ది.

ఆయన్ని ఇంకో ప్రశ్న అడుగు. ఆ ఓటు ముద్ర గుద్ది వేశారా, ఊరికే కాగితం పెట్టెలో వేశారా అని. 1952లో, 1957లో అభ్యర్థికో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. నచ్చినవాళ్ల పెట్టెలో కాగితం వేసి రావడమే. ఒకే కాగితం మీద పేర్లు, గుర్తులు అన్నీ అచ్చువేసి ముద్ర గుద్దే పద్ధతి సాధారణ ఎన్నికల్లో మనకి 1962కి వచ్చింది. ఆయన "కాడెద్దుల పెట్టె" అన్నారంటే ఇక సందేహం లేదు.

ఆ రోజుల్లోనే ఇంకో చిక్కుంది. కొన్ని స్థానాలకి ఇద్దరు సభ్యులుండేవారు. రాజమండ్రి నుంచి 1952లో లోక్‌సభకి ఇద్దరు వెళ్లారు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు, ఓటరుకి రెండు ఓట్లు. అసెంబ్లీలోనూ అలాంటివి ఉండేవి. 1961లో చట్టం చేసి వాటిని విడగొట్టారు. అందుకని పాత జాబితాల్లో ఒకే ఏడాదికి రెండు పేర్లు కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని ఒకటి కొట్టెయ్యకు.

ఇక నువ్వు జాబితా ఎలా తయారు చెయ్యాలి అన్నది. నియోజకవర్గం పేరు పట్టుకుని వెనక్కి వెళ్లకు. ఊరి పేరు పట్టుకుని వెళ్లు. 1955 తర్వాత గీతలు మారిన ఎన్నికలు గుర్తుపెట్టుకో. 1962, 1967, 1978, 2009. ఈ నాలుగు చోట్లా ఆగి, మన ఊరు ఈ ఏడాది ఎక్కడుంది అని చూసుకోవాలి. రాష్ట్రం మొత్తం సీట్లు కూడా అలాగే మారాయి. 1962లో 300, 1967లో 287, 1978 నుంచి 294. ఒక్కోసారి సంఖ్య మారిందంటే ఎక్కడో ఒకరి ఊరు ఒక సీటులోంచి ఇంకో సీటులోకి వెళ్లిందని అర్థం.

ఇంకో జాగ్రత్త. 2008 ఉత్తర్వులో ఊళ్లు మండలాల వారీగా ఉంటాయి. ఆ ముందు ఉత్తర్వులో మండలాలుండవు, అవి 1985లో పుట్టాయి. అప్పుడు తాలూకా, దాని కింద కొన్ని ఊళ్లు కలిపిన ఫిర్కా. మీది రాజోలు తాలూకా. తాలూకా రాజోలు, అసెంబ్లీ నగరం. ఊళ్లో సగం తగాదా ఇక్కడే వచ్చి ఉంటుంది, "మనది ఎప్పుడూ రాజోలే" అనేవాళ్లు తాలూకా మాట చెబుతున్నారు.

ఎన్నికల సంఘం వాళ్ల సైటులో ప్రతి ఎన్నికకీ గణాంకాల పుస్తకం ఉంది. మన 1952 ఫలితాలు మద్రాసు కింద ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ అని వెతికితే అవి దొరకవు. వెతికేటప్పుడు గన్నవరం అని కొడితే కృష్ణా జిల్లా గన్నవరం వస్తుంది, మనది పి.గన్నవరం. 1983కి వచ్చేసరికి తెలుగుదేశం అభ్యర్థుల పేర్ల పక్కన స్వతంత్ర అని ఉంటుంది. పార్టీ పెట్టింది 1982 మార్చిలో, అప్పటికి దానికి గుర్తింపు రాలేదు. ఆ ఏడాది రాష్ట్రమంతా స్వతంత్రులే గెలిచారని ఒక పిల్లాడు ప్రాజెక్టు రాసి తెచ్చి నాకు చూపించాడు, వాడి తప్పేం లేదు.

1983 మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నా మొదటి డ్యూటీ అదే. జనవరి 5న పోలింగు. ముందు రోజు మధ్యాహ్నం పెట్టెలు, బ్యాలెట్ కాగితాలు, లక్క, పేపరు సీళ్లు, సిరా సీసా లెక్కపెట్టి తీసుకున్నాం. మాకు పడింది ఒక లంక ఊరు. రేవు దాకా లారీ, అక్కడినుంచి నావ. పొగమంచులో అవతలి గట్టు కనపడలేదు. బ్యాలెట్ పెట్టె తడవకుండా మా ప్రిసైడింగ్ ఆఫీసరు గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రాత్రి స్కూలు గదిలో లాంతరు పెట్టుకుని కాగితాల వెనకాల సంతకాలు చేస్తూ ఉంటే ఊళ్లో వాళ్లు అన్నం, పెరుగు, ఆవకాయ తెచ్చి పెట్టారు. తెల్లారి ఆరున్నరకే ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. నేను వేలిమీద సిరా చుక్క పెట్టే పనిలో ఉన్నాను. ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చి చెయ్యి చాపి, "సైకిలు ఏ వరసలో ఉంది బాబూ" అని పైకే అడిగేసింది. చెప్పకూడదమ్మా, మీరే చూసుకోవాలి అన్నాను. గుండె దడదడలాడింది, ఏజెంట్లు గొడవ చేస్తారేమోనని. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం పెట్టె సీలు వేసేటప్పుడు ఏజెంట్లందరూ లక్క మీద వాళ్ల ముద్ర కూడా వేసుకుని, ఒకే నావలో మాతో రేవుదాకా వచ్చారు.

2004 నుంచి మన రాష్ట్రంలో అన్నిచోట్లా ఓటింగు మిషన్లే. పని తేలికైంది. ఆ నావ ప్రయాణం మాత్రం నేను మర్చిపోలేదు.

చివరగా నగరం పేరు గురించి ఒక్క మాట. గోదావరి పాయలు వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఆ భూమి మొత్తాన్ని పాత ఇరిగేషన్ కాగితాల్లో నగరం దీవి అనే రాసేవారు. గన్నవరం దగ్గర నది మీద అక్విడెక్టు కట్టింది కాలవ నీళ్లు ఆ దీవికి దాటించడానికే. పాతదాని పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఒక సీటు పేరు రాష్ట్రంలో ఎవరికీ గుర్తు లేకపోవచ్చు, మీ ఊరి చేలకి ఇప్పటికీ నీళ్లు ఆ దారినే వస్తున్నాయి. నీ చార్టులో నగరం అని పెద్ద అక్షరాలతో రాయి నాయనా.

వశిష్ఠ ఆవలి గట్టు జవాబు:

మాస్టారూ, మీకు నమస్కారమండి. మాది సఖినేటిపల్లి రేవుకి ఎదర, నరసాపురం వైపు. పంటు ఎక్కితే పావుగంటలో మీ గట్టున ఉంటాం. మా దగ్గరా ఇదే జరిగింది. పెనుగొండ సీటు పోయింది, అత్తిలి పోయింది. ఆచంట ఎస్సీ సీటుగా ఉండేది. 2004లో అక్కడినుంచి పీతల సుజాత గారు గెలిచారు. 2009కి ఆచంట జనరల్ అయింది. 2004లో పెనుగొండలో గెలిచిన పితాని సత్యనారాయణ గారు 2009లో ఆచంటకి వచ్చి గెలిచారు, 2014లోనూ, 2024లోనూ గెలిచారు. మా అత్తగారిది పెనుగొండ. ఇప్పటికీ "మా పెనుగొండ ఎమ్మెల్యే" అనే అంటారు.

మీరు చెప్పిన ఓట్లకీ సీట్లకీ పొంతన లేని లెక్క మా జిల్లాలో కళ్లారా చూశాం. పాత పశ్చిమ గోదావరిలో 2014లో 15కి 15 తెలుగుదేశం, బీజేపీ కూటమికి వచ్చాయి. అయిదేళ్లకి వైఎస్సార్ కాంగ్రెస్‌కి 13, తెలుగుదేశానికి పాలకొల్లు, ఉండి రెండే మిగిలాయి. 2024లో మళ్లీ 15కి 15 కూటమికి. అసలు జనం మొత్తం అంతలా అటూ ఇటూ ఊగిపోయారా అంటే కాదు. ఊరికి నూటికి పది మంది మనసు మార్చుకుంటే జిల్లా రంగు మారిపోతుంది. 2009లో చిరంజీవి గారు సొంత జిల్లా పాలకొల్లులో ఓడిపోయి తిరుపతిలో గెలిచారు, ఇక్కడ గెలిచింది కాంగ్రెసు తరఫున బంగారు ఉషారాణి గారు. 2019లో భీమవరంలో పవన్ కల్యాణ్ గారు ఓడిపోయారు. బయటివాళ్లు ఇది సినిమా వాళ్ల జిల్లా అనుకుంటారు గానీ ఇక్కడ ఓటరు ఎవరికీ తేలిగ్గా లొంగడు. నాకు అది గర్వంగానే ఉంటుంది.

814 నాటి ఏజెంటు జవాబు:

చావడి లైబ్రరీ గారూ, మీ చార్టులో 2019 దగ్గర కొంచెం ఎక్కువ చోటు వదలండి. జనసేన రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క సీటు మన రాజోలు. రాపాక వరప్రసాదరావు గారికి 50,053, బొంతు రాజేశ్వరరావు గారికి 49,239. తేడా 814. తెలుగుదేశం నుంచి గొల్లపల్లి సూర్యారావు గారు మూడో స్థానంలో ఉన్నారు. ముగ్గురూ బలంగా ఉన్నచోట సగం ఓట్లు రాకపోయినా గెలుస్తారు, అదే జరిగింది.

ఆ రోజు కౌంటింగు హాల్లో ఒక బల్ల దగ్గర ఏజెంటుగా ఉన్నాను. ఏ పార్టీకో ఇక్కడ చెప్పను. ఏప్రిల్ 11న ఓటు వేస్తే మే 23న లెక్కపెట్టారు, నలభై రెండు రోజులు ఆ టెన్షన్ మోశాం. చివరి రౌండ్లకి వచ్చేసరికి ఎవరూ మంచినీళ్లు కూడా తాగలేదు. వందల్లో తేడా ఎక్కి దిగుతూ ఉంది. ఆ పైన నియోజకవర్గానికి అయిదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు కూడా లెక్కపెట్టాలని సుప్రీంకోర్టు ఆ ఏడాదే చెప్పింది. నేను కాగితం మీద మా ఊరి బూత్‌ల లెక్క రాసుకుంటూ, ఫలానా వీధి వాళ్లు ఓటుకి రాలేదు, ఫలానా వాళ్లు హైదరాబాదు నుంచి బస్సు దొరక్క ఆగిపోయారు అని తలుచుకుంటూ కూర్చున్నాను. 814 అంటే ఒక పెద్ద బూత్‌లో పడే ఓట్లు.

రాపాక గారు 2009లో ఇదే రాజోలులో కాంగ్రెసు తరఫున గెలిచారు. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ వైపు వెళ్లి 2024లో అమలాపురం ఎంపీగా పోటీచేసి, బాలయోగి గారి అబ్బాయి హరీష్ మాథుర్ గారి మీద ఓడిపోయారు. 2024లో రాజోలులో మళ్లీ జనసేనే, దేవ వరప్రసాద్ గారు. ఆసారి తేడా వేలల్లో ఉంది, ఎవరికీ నిద్ర పాడవలేదు.

తేడాల సంగతికొస్తే పక్కన కొత్తపేటది కూడా రాసుకోండి. 2014లో చిర్ల జగ్గిరెడ్డి గారు బండారు సత్యానందరావు గారి మీద గెలిచింది 713 ఓట్లతో. వాళ్లిద్దరి మధ్యే ఇరవై ఏళ్లుగా ఆ సీటు చేతులు మారుతోంది. 2004 జగ్గిరెడ్డి గారు, 2009 సత్యానందరావు గారు ప్రజారాజ్యం తరఫున, 2014, 2019 జగ్గిరెడ్డి గారు, 2024 సత్యానందరావు గారు.

బూత్‌ల వారీ ఓట్లు కావాలంటే ఫారం 20 అని ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైటులో దొరుకుతుంది. మీ ఊరి బూత్ నంబరు చూసుకుని మీ ఊరు ఎటు వేసిందో కూడా గోడ మీద పెట్టొచ్చు. కానీ పెట్టొద్దని నా మాట. చిన్న ఊళ్లో ఏ వీధి ఎటో ఇట్టే తెలిసిపోతుంది. పాత రోజుల్లో అన్ని బూత్‌ల కాగితాలు కలిపి లెక్కపెట్టినచోట ఆ భయం ఉండేది కాదు.

యానాం నుంచి జవాబు:

మాకు మీ చిక్కుల్లేవండి. మా ఊరికి ఊరే ఒక నియోజకవర్గం. కాకపోతే మేం ఓటేసేది పుదుచ్చేరి అసెంబ్లీకి. చుట్టూ గోదావరి, పక్కన ఎదుర్లంక, మాట్లాడేది తెలుగు, ముఖ్యమంత్రి ప్రమాణం ఎక్కడో అరవదేశంలో. 1996 నుంచి 2016 ఎన్నిక దాకా మల్లాడి కృష్ణారావు గారే గెలుస్తూ వచ్చారు. 2021లో ఎన్.రంగస్వామి గారు తట్టాంచావడి అనే ఇంకో పుదుచ్చేరి సీటుతో పాటు ఇక్కడా నిలబడితే గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్రుడు గెలిచాడు. రంగస్వామి గారు అక్కడ గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. గోదావరి డెల్టా ఎన్నికల చరిత్ర ఎవరు రాసినా మమ్మల్ని వదిలేస్తారు, అందుకే చెప్పాను.

చావడి లైబ్రరీ జవాబు:

అందరికీ ధన్యవాదాలండి. మాస్టారూ, మీరు రాసింది ప్రింటు తీయించి తాతగారికి చదివి వినిపించాను. పెట్టె సంగతి అడిగాను. "ముద్రా గిద్రా ఏం లేదు, తెర వెనక్కి వెళ్తే వరసగా పెట్టెలున్నాయి, ఎద్దులున్న పెట్టెలో పడేసి వచ్చాను" అన్నారు. ఎమ్మెల్యేకా ఎంపీకా అంటే కాసేపు కళ్లు మూసుకుని, "పార్లమెంటుకేరా. ఎమ్మెల్యే ఓటు మా పెద్దమ్మాయి పుట్టాక వేశాను" అన్నారు. ఆ అత్త పుట్టింది 1960లో. మీరు చెప్పినట్టు 1962 సరిపోయింది.

పాత చార్టు తీసేశాను. కొత్తదానికి నాలుగు గళ్లు గీశాను. ఏడాది, ఆ ఏడాది మన ఊరు ఏ సీటులో ఉంది, గెలిచింది ఎవరు, ఏ కాగితం చూసి రాశాం. 2009 నుంచి నాలుగు వరసలు నింపేశాను, రాజోలు. దాని పైన 2004, నగరం, పాముల రాజేశ్వరీదేవి గారు. ఇంకా పైకి వెళ్లడానికి ఎన్నికల సంఘం పుస్తకాలు ఒక్కొక్కటీ దింపుకుంటున్నాను, పక్కన ఫిర్కాల పాత ఉత్తర్వు పెట్టుకుని. ఊళ్లో ఎవరింట్లోనైనా పాత ఓటరు చీటీలు, కరపత్రాలు ఉంటే తెమ్మని చావడి దగ్గర మైకులో చెప్పించాం. ఇప్పటికి మూడు కార్డులు, ఒక సైకిలు గుర్తు డోర్ స్టిక్కరు వచ్చాయి. కొబ్బరికాయల వ్యాపారం చేసే మామయ్య ఒకాయన పాత లెక్కల పుస్తకంలో దాచుకున్న 1989 ఓటరు చీటీ తెచ్చిచ్చారు. పద్దెనిమిదేళ్లకే ఓటొచ్చిన మొదటి ఎన్నికట, అందుకని దాచుకున్నారట.

ఏజెంటు గారూ, బూత్ లెక్కలు పెట్టడం లేదు. మీ మాట మా వాళ్లందరికీ సబబుగా అనిపించింది. 814 మాత్రం ఎర్ర సిరాతో రాశాను.

అడుగున కూడా కొన్ని వరసలు ఖాళీగా వదిలాను. రాష్ట్ర విభజన చట్టంలో మన అసెంబ్లీ 175 నుంచి 225కి పెంచాలని రాసి ఉందని మా లైబ్రరీలో లా చదివే అమ్మాయి చెప్పింది. అంటే మా ఊరు ఇంకోసారి కదలొచ్చు.

తాతగారు ఇవాళ పొద్దున్న వచ్చి కొత్త చార్టు చూశారు. నగరం అన్నచోట వేలు పెట్టి, దాని కింద చిన్న అక్షరాలతో "రాజోలు తాలూకా" అని కూడా రాయమన్నారు. రాశాను.